గ్రాండ్ విటారా హైబ్రిడ్: మూడేళ్లు, 46,000 కిలోమీటర్లు, నా డైరీలో తేలిన మైలేజీ

2023 జనవరిలో కారు ఇంటికొచ్చిన రోజు నుంచి పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ డైరీలో రాస్తున్నాను. తేదీ, మీటరు రీడింగు, పట్టిన లీటర్లు. వీలైనంతవరకు ఒకే బంకు. గన్ దానంతటది ఆగగానే చాలంటాను. "రౌండ్ ఫిగర్ చేస్తా సార్" అన్నా వద్దంటాను, గొంతుదాకా నింపితే లెక్క తప్పుతుంది. ఈ లెక్కన మా మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజన్‌తో పాటు బ్యాటరీ, మోటారు మీద కూడా నడిచే కారు) సగటు లీటరుకు 22.1 కిలోమీటర్లు. డాష్‌బోర్డు దీనికన్నా ఎప్పుడూ ఓ కిలోమీటరు ఎక్కువే చూపిస్తుంది.

కంపెనీ చెప్పే 27.97 నాకు ఏ ట్యాంకులోనూ రాలేదు, వస్తుందనీ అనుకోలేదు. ఆ పరీక్ష ల్యాబులో రోలర్ల మీద, ఏసీ ఆపి చేస్తారు. వేగం 90 దాటదు. మే నెల హైదరాబాద్ ఎండలో ఐదుగురం కూర్చుని ఏసీ పెంచుకునే కారుకు దానితో పోలికేముంది?

అసలు సంగతి ట్రాఫిక్‌లో ఉంది. మామూలు పెట్రోలు కారు సిటీలో తాగేస్తుంది, హైవే మీద ఆదా చేస్తుంది. దీనిది అడ్డం తిరిగిన లెక్క. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి ఆఫీసు టైములో వెళ్తే సిగ్నళ్ల దగ్గర ఇంజన్ ఆగిపోతుంది, జామ్‌లో బ్యాటరీ మీదే పాకుతుంది. అక్కడ 23 నుంచి 25 వస్తుంది. విజయవాడ హైవే మీద వేగం వందకు పైనే ఉంచితే 18, 19కి పడిపోతుంది. అదే రోడ్డు మీద 85 దగ్గర ఉంచితే మళ్లీ 23.

మొదటి రోజు సిగ్నల్ దగ్గర నాన్న కంగారుపడ్డారు. "ఏరా, బండి ఆగిపోయిందేంటి?" ఇప్పుడు ఆయనే నాకన్నా బాగా నడుపుతారు. ఎర్రలైటు దూరం నుంచి కనిపించగానే యాక్సిలరేటర్ వదిలేసి, బ్రేకు మీద పాదం మెత్తగా ఆనిస్తారు. అలా తొక్కితే మోటారు జనరేటరుగా మారి బ్యాటరీని నింపుతుంది. ఒక్కసారిగా తొక్కితే ఆ శక్తి చాలావరకు డిస్కుల్లో వేడైపోతుంది. ఆయన నడిపిన ట్యాంకుల్లో ఒకటిన్నర కిలోమీటరు ఎక్కువ.

మా అత్తగారి ఊరు మార్కాపురం, దారి శ్రీశైలం మీదుగా. ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగుతుంటే వెనక సీట్లోంచి మా పాప డాష్‌బోర్డులో బ్యాటరీ గీతలు లెక్కపెడుతుంది. "నాన్నా, నిండిపోయింది!" బ్యాటరీ ఒక్క యూనిట్ కరెంటు కూడా పట్టనంత చిన్నది మరి. ఆ తర్వాత కూడా దిగుతూనే ఉంటే ఇంజన్ ఒక్కసారిగా రొద చేస్తుంది. ఏదో పాడైందని మొదటిసారి టెన్షన్ పడ్డాను. నిజానికి మిగులు కరెంటుతో మోటారు ఇంజన్‌ను ఊరికే తిప్పుతుంది, బండి అదుపులో ఉంటుంది, పెట్రోలు ఖర్చు కాదు. డ్యామ్ దాటి సున్నిపెంట ఎక్కేటప్పుడు మాత్రం దాచుకున్నదంతా కాసేపట్లో అయిపోతుంది, మూడు సిలిండర్ల ఇంజన్ గట్టిగా అరుస్తుంది.

బ్యాటరీ వల్ల డిక్కీ చిన్నది కాబట్టి ఓసారి టాప్ మీద క్యారియర్ బిగించాం. ఊరి నుంచి వచ్చాక రెండు నెలలు తీయలేదు. ఆ ట్యాంకులన్నీ 20 లోపే. తీసిన వెంటనే కోలుకుంది. పెట్రోల్లో ఇథనాల్ 20 శాతానికి పెరిగాక కూడా కొంచెం తగ్గింది. పూర్తిగా దానివల్లేనని అనను కానీ, ఇథనాల్‌లో లీటరుకు శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ.

డబ్బుల లెక్కకొస్తే, మా పాత కారు 13 ఇచ్చేది. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగే మాకు, లీటరు 107 రూపాయల చొప్పున ఏటా 50 వేల దాకా మిగులుతోంది. నెలకు ఐదారు వందల కిలోమీటర్లే తిరిగేవాళ్లకు హైబ్రిడ్‌కి పెట్టే అదనపు లక్షలు ఇంత త్వరగా తిరిగి రావు.

దీనికి అస్సలు పడనిది పొద్దున్నే చిన్న దూరం. పాపను బడికి దింపి రావడానికి రెండు కిలోమీటర్లు, ఇంజన్ వేడెక్కేలోపే ఇల్లొస్తుంది, 14 దాటదు. ఆ పనికి ఇప్పుడు స్కూటీ తీస్తున్నాం.