టోటల్ 99.1: మైక్రోప్రోబ్‌తో నా తొమ్మిదేళ్లు

మైక్రోప్రోబ్ అంటే రాతి స్లైడు మీద ఎలక్ట్రాన్ బీమ్‌తో ఒక పాయింట్ కొట్టి, అక్కడ ఏ మూలకం ఎంత శాతం ఉందో చెప్పే మెషిన్. 15 కేవీ, 20 నానో ఆంపియర్లు, మైక్రాన్ మందాన బీమ్. అవన్నీ బ్రోషర్‌లోనే ఉంటాయి, మళ్లీ రాయను. మెషిన్ ఏ కంపెనీదో, ఏ ల్యాబ్‌లో ఉందో కూడా చెప్పను. రేపు మళ్లీ వెళ్లి స్లాట్ అడుక్కోవాల్సింది వాళ్లనే. తొమ్మిదేళ్లు వాడాక నాకు రాయాలనిపించింది ఒక్క కాలమ్ గురించి: రిజల్ట్ షీట్‌లో కుడి చివర ఉండే ‘టోటల్’, అంటే ఆ శాతాలన్నీ కలిపిన మొత్తం. దాన్ని నమ్మి బాగుపడ్డాను, దాన్నే నమ్మి ఒకసారి నిండా మునిగాను.

దీనికి ముందు మా డిపార్ట్‌మెంట్‌లో నాకు తెలిసింది ఎస్‌ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్)కి తగిలించిన ఈడీఎస్ అనే ఎక్స్-కిరణాల డిటెక్టర్ ఒక్కటే. దాంట్లో ఏం కొట్టినా టోటల్ 100.00 వచ్చేది. గార్నెట్ అనే ఖనిజం మీద పెట్టినా నూరే, పగులు మీద పెట్టినా నూరే. జవాబు ముందే రాసుకుని తర్వాత లెక్క చేసే పిల్లాడి పద్ధతి. (దాన్నీ స్టాండర్డ్‌లు, అంటే కూర్పు ముందే తెలిసిన నమూనాలు, పెట్టి నిజాయితీగా నడపొచ్చు. మా దగ్గర ఎవరూ నడపలేదు, అంతే.) ప్రోబ్ అలా కాదు. సిలికాన్‌ని సిలికాన్ స్టాండర్డ్‌తో, ఇనుముని ఇనుము స్టాండర్డ్‌తో, దేనికది విడిగా పోల్చి లెక్క కడుతుంది. 1951లో పారిస్‌లో రేమోఁ కాస్టేంగ్ తన థీసిస్‌లో వేసిన పునాది అదే: నమూనాలోంచి వచ్చే ఎక్స్-కిరణాలకీ, స్టాండర్డ్‌లోంచి వచ్చే ఎక్స్-కిరణాలకీ నిష్పత్తి చూడు, ఆ తర్వాత దిద్దుబాట్లు చెయ్యి. నూరుకి సరిపెట్టమని ఆ మూలకాలకి ఎవరూ చెప్పరు. ఒకదాని మొహం ఒకటి చూసుకోకుండానే అన్నీ కలిసి 99.8 దగ్గరికి వచ్చి నిలబడితే మొదటిసారి చూసినవాళ్లకి ఒళ్లు పులకరిస్తుంది. నాకు పులకరించింది.

మొదటి రోజు మాత్రం భయమే వేసింది. అరకు ఘాట్ రోడ్డు పక్కన కొట్టుకొచ్చిన గ్రాన్యులైట్ (భూమి లోతుల్లో బాగా వేడెక్కి మారిన రాయి) స్లైడు పెట్టి, తేలిగ్గా ఉంటుందని మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం మీద మొదటి పాయింట్ కొట్టాను. టోటల్ 93. ఇంకోటి కొట్టాను. 93. మెషిన్ పాడైందని పరిగెత్తుకెళ్లి చెప్పాను. ఆపరేటర్‌ది శ్రీకాకుళం వైపు. టీ గ్లాసు కింద పెట్టకుండానే, “ఏటమ్మా, మెషిన్ పాడైపోనాదా? ఇనుముకి ఎన్ని ఆక్సిజన్లు కట్నావు?” అన్నారు. ప్రోబ్ ఇనుము ఎంతుందో చెబుతుంది గానీ, అది రెండు చేతుల ఇనుమో మూడు చేతుల ఇనుమో చెప్పదు. ఆక్సిజన్‌ని మేం కొలవం, ఇనుము చేతులని బట్టి లెక్కతో కలుపుతాం. నేను మొత్తం ఇనుముని ఎఫ్‌ఈఓగా, అంటే ఒక్కో ఇనుముకి ఒక్కో ఆక్సిజన్ చొప్పున, రాసేశాను. మాగ్నెటైట్‌లో మూడింట రెండొంతులు ఫెర్రిక్, అంటే మూడు చేతుల, ఇనుమే కాబట్టి, దానికి దక్కాల్సిన అదనపు ఆక్సిజన్ లెక్కలోకి రాలేదు. తగ్గిన ఏడూ అదే. స్వచ్ఛమైన మాగ్నెటైట్‌కి అలా లెక్కేస్తే 93.1 రావాలి. నాకొచ్చింది సరైన జవాబే.

తర్వాత బయోటైట్ అనే మైకా 95, 96 మధ్య ఆడింది. ఈసారి పరిగెత్తలేదు. మైకాలో నీళ్లున్నాయి, హైడ్రోజన్ ఈ మెషిన్‌కి కనబడదు, ఆ ఖాళీ నీళ్లదే. ఆ రోజు నుంచి టోటల్ అంటే నాకు నాడి. పాలిష్ సరిగ్గా లేకపోతే తగ్గుతుంది, బీమ్ పగులు మీద పడితే తగ్గుతుంది, కార్బన్ కోటింగ్ మందమైతే తగ్గుతుంది. కోటింగ్ వేసేటప్పుడు స్లైడు పక్కన ఒక ఇత్తడి ముక్కని బాగా మెరుగుపెట్టి ఉంచుతారు. కార్బన్ పడేకొద్దీ ఆ పసుపు నారింజగా, ఎర్రగా మారి, వంకాయ రంగు దాటి నీలంలోకి తిరుగుతుంది. అక్కడ ఆపేయాలి. ఇరవై నానోమీటర్ల మందాన్ని కంటితో, ఇత్తడి రంగు చూసి పట్టుకోవడం! కోట్ల రూపాయల మెషిన్ పక్కన ఆ చిన్న ఇత్తడి బిళ్లంటే నాకు ఇప్పటికీ ముచ్చటే.

ఇక ఆ రాత్రి సంగతి.

మే నెల. దొరికింది రాత్రి స్లాట్, పదకొండు నుంచి పొద్దున ఆరు దాకా. స్లైడులో ఆరు మిల్లీమీటర్ల గార్నెట్, దొరకడమే అదృష్టం అనుకునే గింజ. నడిమధ్య నుంచి అంచుదాకా 50 మైక్రాన్లకొకటి చొప్పున అరవై పాయింట్లు వరుసగా పెట్టాను. పాయింటుకి నాలుగు నిమిషాలు, మొత్తం నాలుగు గంటలు. మొదలుపెట్టే ముందు స్టాండర్డ్‌గా ఉంచిన డయాప్సైడ్ అనే ఖనిజం కొట్టి చూశాను. కాల్షియం ఆక్సైడ్ ఉండాల్సిన 25.9కి 25.9 వచ్చింది. ఆటోమేటిక్‌లో పెట్టి, ఆ గదిలో ఎప్పుడూ చలే కాబట్టి శాలువా కప్పుకుని, రెండు కుర్చీలు కలిపి పడుకున్నాను.

మెలకువ వచ్చేసరికి శాలువా కింద పడి ఉంది. మెడ కింద తడి. నిద్రలో లాగేసి ఉంటాననుకున్నానే తప్ప, ఎందుకు లాగేశానన్నది తట్టలేదు.

స్క్రీన్ మీద రిజల్టు చూసి నిద్ర ఎగిరిపోయింది. గింజ మధ్యలో కాల్షియం ఆక్సైడ్ 6.5, చాపలా సమంగా. ఇరవై పాయింట్లు దాటాక మెల్లగా వాలడం మొదలై, అంచు దగ్గరికి వచ్చేసరికి 5.7. ఎక్కడా ఎగుడుదిగుడు లేదు, గీత గీసినట్టుంది. ఇలాంటి గార్నెట్‌లో అంచువైపు కాల్షియం తగ్గిందంటే పీడనం తగ్గినట్టు, అంటే లోతులో ఉన్న రాయి పైకి లేచినట్టు అని మాకు మొదటి ఏడాదే నేర్పుతారు. టోటల్స్ చూశాను. మధ్యలో 99.9, అంచులో 99.1. 98.5 నుంచి 101.5 దాకా మేం కళ్లు మూసుకుని తీసుకునే హద్దు. ఫార్ములా కట్టాను. పన్నెండు ఆక్సిజన్లకి సిలికాన్ మధ్యలో 2.99, అంచులో 3.01. మూడే ఉండాలి, మూడే ఉంది. పొద్దున్నే ఆరింటికి మా గైడ్‌కి మెసేజ్ పెట్టాను: “సార్, డీకంప్రెషన్ దొరికింది.” ఆయన జవాబు: “గుడ్. టిఫిన్ చెయ్యి.”

రెండు వారాల్లో బొమ్మ గీశాను, ఒక సెమినార్‌కి అబ్‌స్ట్రాక్టు కూడా పంపేశాను. పీడనం ఎన్ని కిలోబార్లు తగ్గిందని రాశానో ఇక్కడ చెప్పను.

అప్పుడు సార్ బొమ్మ పక్కకి నెట్టి పట్టిక అడిగారు. ఆర్టీసీ బస్సు లెక్క చెప్పారు. గార్నెట్‌లో కాల్షియం, ఇనుము, మెగ్నీషియం, మాంగనీస్ కూర్చునే సీట్లు మూడే. కాల్షియం దిగిపోతే ఆ సీట్లో ఇంకొకరు కూర్చోవాలి. నా పట్టికలో కాల్షియం 0.54 నుంచి 0.48కి దిగింది. ఇనుము 1.65 నుంచి 1.66. మెగ్నీషియం కదల్లేదు. “సీటు ఖాళీగా ఉంది, బస్సేమో నిండుగా పోతోంది. ఇదేం బస్సమ్మా?” అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు: తూర్పు కనుమల్లో తొమ్మిది వందల డిగ్రీలు దాటి ఉడికిన రాళ్లివి, ఆ వేడికి మూలకాలు అటూ ఇటూ కదిలి గింజ లోపలంతా సమం అయిపోతుంది, మార్పుంటే అంచున కొద్ది మేర ఉంటుంది, ఇంత పొడవు వాలు ఎక్కడిది?

ల్యాబ్‌కి ఫోన్ చేశాను. ఆపరేటర్ అడిగింది ఒక్కటే: “ఎల్లేముందు డయాప్సైడ్ మళ్లీ కొట్నావా?” కొట్టాను. అంటే, ఆయన అలవాటు చేశారని వరుస చివర ఒక పాయింట్ పెట్టి వచ్చాను. అది వేరే ఫైల్లో పడింది, తెరిచి చూడలేదు. అప్పుడు తెరిచాను. 25.9 రావాల్సింది 22.7. టోటల్ 96.8. రెండు వారాలుగా నా ఫోల్డర్‌లోనే ఉంది.

జరిగింది ఇది. అర్ధరాత్రి దాటాక కరెంటు పోయింది. మెషిన్, పంపులు, చిల్లర్, మానిటర్లు అన్నీ యూపీఎస్ మీద ఉన్నాయి. గది ఏసీ లేదు. అరగంటలో కరెంటు వచ్చింది, కానీ ఆ ఏసీ దానంతట అది లేవదు, ఎవరో వెళ్లి బటన్ నొక్కాలి. మే నెల గది 22 నుంచి 28కి పోయింది. కాల్షియం కొలిచే స్పెక్ట్రోమీటర్‌లో, దాని ఎక్స్-కిరణాన్ని మిగతావాటి నుంచి వేరుచేసేందుకు, పెట్ అనే క్రిస్టల్ ఉంటుంది. ఆర్గానిక్ పదార్థం, వేడికి మిగతావాటికంటే ఎక్కువ సాగుతుంది. లోపలి పొరల దూరం వెంట్రుకవాసి పెరిగినా కాల్షియం కిరణం వంగే కోణం మారుతుంది. ఆ కిరణం అన్నిటికంటే బలంగా పడే శిఖరం పక్కకి జరిగిపోయింది, డిటెక్టర్ మాత్రం పాత చోటే నిలబడి దాని భుజాన్ని లెక్కపెడుతోంది. నా గార్నెట్‌లో పెట్ మీద కొలిచేది, చెప్పుకోదగ్గంత ఉండేది, కాల్షియం ఒక్కటే. సిలికాన్, అల్యూమినియం, మెగ్నీషియం, ఇనుము వేరే క్రిస్టల్స్ మీదున్నాయి, వాటికి చీమ కుట్టినట్టయినా లేదు. నా గింజలో కాల్షియమే కొంచెం కాబట్టి, అందులో ఎనిమిదో వంతు ఎగిరిపోయినా టోటల్‌లో 0.8 మాత్రమే తగ్గింది.

బీమ్ మధ్య నుంచి అంచుకి నడిచింది, నడుస్తున్నంతసేపూ గది వేడెక్కుతూ పోయింది. గది వేడెక్కిన చరిత్రని నేను రాయి చరిత్ర అనుకున్నాను.

మళ్లీ స్లాట్ ఆగస్టులో దొరికింది. అదే గింజ. మైక్రోస్కోప్‌లో చూస్తే పాత పాయింట్ల జాడలు వరుసగా, ఎవరో ముగ్గుకి చుక్కలు పెట్టి మధ్యలో వదిలేసినట్టున్నాయి. వాటి పక్కనే కొత్తగా అరవై పెట్టాను, ఈసారి వరుస కలిపేసి: మధ్యలో ఒకటి, అంచున ఒకటి, మళ్లీ వెనక్కి. ఇరవైకోసారి డయాప్సైడ్. కాల్షియం చివరిదాకా 6.5 దగ్గరే నడిచింది. ఆఖరి మూడు పాయింట్లలో మాత్రం కొంచెం తగ్గింది, అది నిజమే. అబ్‌స్ట్రాక్టు వెనక్కి తీసుకున్నాను. ఒక చాప్టర్ కావాల్సింది థీసిస్‌లో అరపేజీ అయింది.

కాబట్టి పైన టోటల్‌ని నాడి అన్నాను గదా, అది కొంత దిద్దుకోవాలి. ఎక్కువగా ఉన్న మూలకం తప్పితే అది పట్టిస్తుంది. తక్కువగా ఉన్నది తప్పితే నోరు మెదపదు. అసలు మేం కథలన్నీ కట్టేది ఆ తక్కువగా ఉన్నవాటి మీదే. ప్లాజియోక్లేజ్ అనే ఫెల్డ్‌స్పార్ ఖనిజంలో సోడియం బీమ్ కింద నుంచి పారిపోతుంది, బీమ్ వెడల్పు చేసుకోకపోతే ఫెల్డ్‌స్పార్ ఏదో కూడా తప్పుగా చదువుతారు. మోనజైట్ అనే ఖనిజంలో సీసం కొలిచి రాయి వయసు కట్టేవాళ్ల బాధ ఇంకోటి: సీసం పలక మీద పాలిష్ చేసిన స్లైడయితే ఆ సీసం పగుళ్లలో దూరి కూర్చుంటుంది, టోటల్‌కి తెలియనే తెలియదు. అది నాకు జరగలేదు, జరిగినవాళ్లు తెలుసు.

ఇప్పుడు నేను షీట్ తెరవగానే చూసేది టైము కాలమ్. ప్రతి పాయింటుకీ తేదీ, గంట, నిమిషం మెషిన్ రాసే పెడుతుంది. ఆ రాత్రి ఫైల్లోనూ రాసింది. పట్టిక అందంగా ఉండాలని నేను మొదట తీసేసిన కాలమ్ అదే. ఇప్పుడు గింజ మధ్య నుంచి పాయింట్ ఎంత దూరమో దానితో ఒకటి, గడియారంతో ఒకటి, రెండు గ్రాఫులు గీస్తాను. రెండూ ఒకేలా ఉంటే గుండె దడ.

కొనమంటారా అని ఎవరూ అడగరు లెండి, ఇది మనం కొనేది కాదు. వాడొచ్చా అంటే, నా పనికి దీన్ని మించింది నాకు దొరకలేదు. ఒక గింజలో మధ్య వేరు, అంచు వేరు అని, గింజని స్లైడులోంచి పెకలించకుండా చూపించింది ఇదే. కానీ నా రాళ్లు పెద్ద గింజల గ్రాన్యులైట్లు, నాకు కావాల్సింది ముఖ్యమైన ఎనిమిది తొమ్మిది మూలకాలు, నాకు మా సార్ లాంటి అనుమానపు మనిషి ఉన్నారు. మీకు పీపీఎమ్‌లలో (పది లక్షల్లో కొన్ని వంతులు) ఉండే మూలకాలు కావాలంటే లేజర్ ఐసీపీ-ఎమ్‌ఎస్ అనే మెషిన్ దగ్గరికి వెళ్లండి, ఇక్కడ స్లాట్ డబ్బులు తగలేయకండి. ఫెర్రిక్ ఎంతో, ఫెర్రస్ (రెండు చేతుల ఇనుము) ఎంతో నికరంగా తేలాలంటే కూడా ఇది చాలదు, గార్నెట్‌లో మేం కట్టేది ఫార్ములా నుంచి తీసిన అంచనా మాత్రమే. ఏడాదికి ఒకే ఒక్క స్లాట్ దొరికే స్టూడెంట్లయితే పాయింట్లు సగానికి తగ్గించుకుని, ఆ సమయం స్టాండర్డ్‌ల మీద పెట్టమంటాను. చెబితే ఎవరూ వినరు, నేనూ వినలేదు.

సంచిలో ఇప్పుడు గోడకి తగిలించే చిన్న థర్మామీటర్ ఒకటి పెట్టుకుని తిరుగుతున్నాను. కొత్త ల్యాబ్‌కి వెళ్తే రిజల్యూషన్ ఎంత, ఎన్ని స్పెక్ట్రోమీటర్లు అని అడగడం మానేశాను. కరెంటు పోయి వస్తే ఏసీ దానంతట అది లేస్తుందా అని అడుగుతాను. కొందరు నవ్వుతారు. ఒకాయన మాత్రం నవ్వలేదు, “మీకూ అయిందా?” అన్నారు.