లోపలికి దిగిన రాణి బొమ్మ: టంకసాల తప్పా, వైస్‌లో నొక్కిందా?

విక్టోరియా వెండి రూపాయికి రెండు పక్కలా రాణి బొమ్మే ఉండి, ఒక పక్క అది గుంటగా కనిపిస్తే గుండె ఆగినంత పనవుతుంది. అయినా వెంటనే డబ్బు తీయకండి.

అసలైన టంకసాల తప్పును బ్రాకేజ్ అంటారు. కొట్టిన నాణెం అచ్చుకే అతుక్కుపోతే, తర్వాతి వెండి బిళ్ల మీద ఆ నాణెమే అచ్చుగా పడుతుంది. అందుకే ఎడమకు చూడాల్సిన రాణి గుంట పక్క కుడికి చూస్తుంది. 'వన్ రూపీ' అక్షరాల జాడే ఉండదు, అవి ఆ బిళ్ల మీద ఎప్పుడూ పడలేదు కాబట్టి.

వైస్‌లో, అంటే మర తిప్పి బిగించే ఇనుప పనిముట్టులో, రెండు నాణేలు పెట్టి నొక్కినా బొమ్మ అలాగే తిరగబడుతుంది. మోసపోయేది ఇక్కడే. భూతద్దంతో చూస్తే గుంటలో ఆ పక్క ముందునుంచీ ఉన్న పూలతీగ, అంకెలు నలిగి కనిపిస్తాయి. అవతలి పక్క రాణి బుగ్గ, కిరీటం చదునైపోతాయి. తూకాన్ని మాత్రం నమ్మొద్దు, రెండూ దాదాపు తులమే, అంటే 11.66 గ్రాములు.

నొక్కినదానికి నేనైతే వెండి ధరకు మించి ఇవ్వను. బ్రాకేజ్‌లో బొమ్మ నిండుగా, నడిమధ్యన పడితేనే మంచి ధర. దాని మీద సంవత్సరం ఉండదు. 'క్వీన్' అని ఉంటే 1877కు ముందుది, 'ఎంప్రెస్' అయితే 1877ది లేదా ఆ తర్వాతిది.