14 నెలలు వాడిన కుక్క బోను: గడియ ఒక్కటి సరిగ్గా ఉంటేనా!

ఇనుప తీగల మడత బోను ఎలా ఉంటుందో పెట్టె మీది బొమ్మ చూస్తేనే తెలుస్తుంది. రెండు తలుపులు, అడుగున ప్లాస్టిక్ ట్రే... వాటి జోలికి పోను. నేను రాయాలనుకున్నది దాని గడియ గురించి. 14 నెలలైనా దాని మీద కోపం తగ్గలేదు.

మా కుక్క పిడుగుకి అప్పటికి రెండేళ్లు, బరువు 18 కిలోలు. గోడ మీది పిల్లి కోసం ఎగిరి, వెనక కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేసి ప్లేటు వేసి స్క్రూలు బిగించారు. ఎనిమిది వారాలు గెంతకూడదు, మెట్లెక్కకూడదు, నున్నటి నేల మీద నడవకూడదు అన్నారు డాక్టరు. ఒంటికీ రెంటికీ మాత్రం పొట్ట కింద తువ్వాలు వేసి, వెనక భాగం కాస్త ఎత్తి పట్టుకుని బయటికి తీసుకెళ్లి, ఐదు నిమిషాల్లో తెచ్చేయాలి. మిగతా టైమంతా బోనులోనే. ఆయన ఇవన్నీ చెబుతుండగానే మావాడు కుట్లు నాకకుండా మెడకి తగిలించిన ప్లాస్టిక్ కోన్‌తో చెత్తబుట్ట బోర్లించాడు. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, "బోను గట్టిది కొనండి" అన్నారు.

మొదటి రెండు వారాలూ ఈ బోనుని పొగడని రోజు లేదు. పక్క తలుపు తీస్తే మోకాళ్ల మీద కూర్చునే మందు వేసేయొచ్చు, కుట్ల దగ్గర వాపు చూసుకోవచ్చు. ట్రే లాగి కడిగేసుకోవచ్చు. తెలిసినవాళ్లిద్దరికి ఇదే కొనమని కూడా చెప్పాను. నిజానికి ఆ రెండు వారాలూ బోనుకి పనేమీ పడలేదు. నొప్పికీ మందుల మత్తుకీ వాడే కదల్లేదు.

మూడో వారంలో నొప్పి తగ్గింది. నొప్పి తగ్గిందంటే కాలు బాగైపోయిందనే కుక్క లెక్క. లోపల ఎముక ఇంకా పూర్తిగా అతుక్కోలేదని దానికెవరు చెబుతారు? కుట్లు తీసేశారు గానీ, మచ్చని అదే పనిగా నాకుతున్నాడని కోన్ మాత్రం ఇంకొన్నాళ్లు ఉంచమన్నారు.

ఆపరేషనైన 22వ రోజు రాత్రి. బోను పక్కనే చాప వేసుకుని పడుకున్నాను. ఏదో చిరుగుతున్న చప్పుడుకి మెలకువ వచ్చింది. లైటు వేసి చూస్తే బోనులో ఎవరూ లేరు. ముందు తలుపు వేసినట్టే ఉంది. పక్క తలుపు బార్లా తెరిచి ఉంది. వాడు సోఫా మీద ఉన్నాడు. కోన్ నిండా దూది, మధ్యలో మూతి, తోక ఊపుతున్నాడు. సోఫా ఎక్కాడంటే ఎగిరాడన్నమాట. దిగడానికి మళ్లీ దూకుతాడేమోనని వాణ్ని రెండు చేతులా అదిమి పట్టుకుని ఇంట్లోవాళ్లని కేకేశాను. ఇద్దరం కలిసి దించాం. కాలు నేలకి ఆనించడం లేదు. తెల్లారేదాకా నాకు నిద్ర లేదు, ఒకటే టెన్షన్.

పొద్దున్నే ఎక్స్‌రే తీశారు. ప్లేటు వంగలేదు, స్క్రూలు కదల్లేదు. కాస్త వాపు, అంతే. కానీ ఎనిమిది వారాలు కాస్తా పదయ్యాయి.

తలుపు నేనే సరిగ్గా వేయలేదని ఇంట్లో అందరూ తేల్చేశారు. నాకూ అనుమానం వచ్చింది. మర్నాడు పక్క తలుపుకి బయట కుర్చీ ఆనించి, పాత ఫోను ఎదురుగా పెట్టి వీడియో ఆన్ చేశాను. అప్పుడు తెలిసింది అసలు సంగతి. గడియ అంటే ఒక చిన్న కడ్డీ, దానికి వంచిన పిడి. కడ్డీని జరిపి, పిడిని కిందికి వాల్చి కమ్మీకి ఆనించాలి. దాన్ని అక్కడ నిలిపేది దాని బరువే. స్ప్రింగు లేదు, ఇంకో అడ్డు లేదు. మావాడు కోన్ అంచుతో తలుపుని ఢీకొట్టినప్పుడల్లా పిడి వెంట్రుకవాసి పైకి లేచేది. పదిహేను, ఇరవై దెబ్బలకి అడ్డంగా తిరిగిపోయింది. ఆ తర్వాత ఊపుకి కడ్డీ దానంతటదే జారింది. ముందు తలుపుకి ఇలాంటివి రెండున్నాయి కాబట్టి ఆగింది. పక్క తలుపుకి ఒక్కటే. నేను అంత మెచ్చుకున్న తలుపు అది!

మరో వారానికి కోన్ తీసేశాం. అప్పటికి మావాడికి కిటుకు తెలిసిపోయింది. కమ్మీల సందులోంచి మూతి దూర్చి పిడిని నేరుగా ఎత్తేయడం మొదలుపెట్టాడు. పాత మెడపట్టీ తాడుకి ఉండే కొక్కెం కత్తిరించి, తలుపుకీ కమ్మీకీ కలిపి తగిలించాను. దానికి వాడి దగ్గర మందు లేదు. ఒక్క గడియ ఉన్న తలుపుకి కింది మూల కూడా బయటికి వంగుతుంది, తల ఇరుక్కునే ప్రమాదం ఉంది. అందుకని రెండో కొక్కెం అక్కడ పెట్టాను. ఈ పని కంపెనీవాళ్లు చేయాల్సింది, నేను కాదు.

ట్రే గురించి కూడా కొంచెం సవరించుకోవాలి. కడగడానికి సుఖమే గానీ, మూడు కాళ్ల మీద లేచే కుక్కకి అది జారుడుబండ. రబ్బరు మ్యాట్ వేసేదాకా లేచినప్పుడల్లా నా గుండె జారేది. ఒక మూల కొరికేశాడు కూడా.

గడియ మీద దాడులు తగ్గింది మాత్రం కొక్కెం వల్ల కాదు, తిండి వల్ల. గిన్నెలో పెట్టడం మానేసి, డాగ్ ఫుడ్ గింజల్ని పాత తువ్వాల్లో చుట్టి ముడేసి ఇచ్చేవాళ్లం. విప్పుకుని తినడానికి పావుగంట పట్టేది, ఆ తర్వాత అలిసిపోయి పడుకునేవాడు. కదలిక లేక బరువు పెరక్కుండా మొత్తం కాస్త తగ్గించమన్నారు. అదొక్కటే వాడికి నచ్చలేదు.

ఇప్పుడు కాలు బాగుంది. చలిగా ఉన్న పొద్దున కొంచెం కుంటుతాడు. బోను మడత పెట్టి అటక ఎక్కిద్దామనుకుంటే, మధ్యాహ్నం వాడే వెళ్లి అందులో పడుకుంటున్నాడు. తలుపు తీసే ఉంచుతాం.

కొనొచ్చా అంటే, మీ కుక్కని బట్టి. పెద్ద వయసుదో, నెమ్మదైనదో అయితే ఈ గడియతో మీకు ఇబ్బంది రాకపోవచ్చు. నేను రాత్రింబవళ్లు పక్కనే ఉండగలిగాను, అయినా ఇది జరిగింది. రోజంతా ఒంటరిగా వదిలి వెళ్లాల్సినవాళ్లయితే ఇంకో రకం గడియ ఉన్నది వెతుక్కోండి. ఏది కొన్నా కొలతలు మాత్రం కోన్ తగిలించి తీసుకోండి. నేను ఉత్త కుక్కని కొలిచి కొన్నాను, మొదటి రాత్రి వాడు వెనక్కి తిరగలేకపోయాడు. మర్నాడు వెళ్లి పై సైజుకి మార్చుకున్నాను.