కాంగ్ బొమ్మ: పద్నాలుగు నెలలు, ఒక లాబ్రడార్, ఏడు ఎడమ చెప్పులు

జున్ను మా ఇంటికి వచ్చినప్పుడు రెండు నెలల కుక్కపిల్ల. ఇప్పుడు పదిహేడు నెలలు, ముప్పై కిలోలు. ఈ మధ్యలో పోయినవి: నాన్న చెప్పులు ఏడు (అన్నీ ఎడమకాలివే, ఎందుకో తెలీదు), టీవీ రిమోట్, పేము కుర్చీ కాళ్లు రెండు, హాల్లో గోడ మూలన అరచేతి మేర ప్లాస్టరింగ్, లాప్‌టాప్ చార్జర్ వైరు. వైరు కొరికిన పూట నా అదృష్టం కొద్దీ స్విచ్ ఆపి ఉంది. కుక్క కాటుకు చెప్పు దెబ్బ అంటారు కదా, మా ఇంట్లో ఆ కాటు పడిందే చెప్పులకి.

చార్జర్ పోయిన మర్నాడే కాంగ్ అనే కుక్కల నమిలే బొమ్మ కొన్నాను. కుక్కపిల్లలకని మెత్తటి రబ్బరుతో చేసేది, నీలం రంగు. ధర వెయ్యికి అటూ ఇటూ. మూడు ఉండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటుంది, లోపల బోలు. రాళ్లు కొరికి పళ్లు అరగదీసుకుంటున్న తన జర్మన్ షెపర్డ్‌ని చూసి జో మార్కమ్ అనే అమెరికా ఆయన పుట్టించిన బొమ్మ ఇది. పాత వోక్స్‌వ్యాగన్ బండిలోని రబ్బరు ముక్కని ఆ కుక్క వదలకపోవడంతో ఆ ఆకారమే తీసుకున్నాడు. కంపెనీ 1976లో మొదలైంది.

తెచ్చి ముందర పడేశాను. జున్ను వాసన చూసి, తిరిగి చెప్పు దగ్గరికే పోయాడు. వారం పాటు ఆ బొమ్మ సోఫా కిందే ఉంది. తప్పు నాదే. ఖాళీ కాంగ్ మా వాడికి ఒట్టి రబ్బరు ముక్క. అందులో ఏం పెడతామన్నదే అసలు సంగతి.

ఇప్పుడు పెట్టేది పెరుగన్నం. ఉప్పు వేయకుండా మెత్తగా పిసికి, చిన్న కన్నానికి క్యారెట్ ముక్క బిరడాలా పెట్టి, పైనుంచి కూరి, రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచుతాను. గడ్డకట్టినదైతే నలభై నిమిషాలు కదలడు. గడ్డకట్టనిది అయిదు నిమిషాల్లో ఖాళీ. అప్పుడప్పుడు ఉడికించిన చిలగడదుంప. పీనట్ బటర్ పెట్టేవాళ్లు డబ్బా మీద జైలిటాల్ (చక్కెరకి బదులు వాడే తీపి) అని ఉందేమో చూసుకోండి, కుక్కలకి అది విషం. లోపల ఎంత కూరితే అంత రాత్రి భోజనంలో తగ్గించాలి, లాబ్రడార్‌కి ఒళ్లు రావడానికి ఎంతోసేపు పట్టదు. "పెరుగన్నం గిన్నెలో పెడితే తినడా, రబ్బరు బుడ్డిలో కుక్కి పెట్టాలా?" అని అమ్మ మొదట్లో సణిగింది. ఇప్పుడు కూరేది ఆవిడే.

బాగా పనికొచ్చింది నాలుగో నెల నుంచి ఏడో నెల దాకా. పాలపళ్లు 28 రాలి, 42 కొత్తవి వచ్చే కాలం అది. చిగుళ్లు సలిపి ఏది దొరికితే అది నమిలేవాడు, ఆ చల్లదనం హాయిగా ఉండేది కాబోలు. పళ్లన్నీ వచ్చాక మెత్తటిది తీసేసి గట్టి రబ్బరుతో చేసే ఎర్రది కొన్నాను. పళ్లు వస్తే కొరుకుడు ఆగుతుందనుకున్నాను. ఆగలేదు, దవడకి బలం వచ్చిందంతే.

ఇబ్బంది ఒకటే, కడగడం. లోపల అన్నం మెతుకు మిగిలితే మా విజయవాడ ఎండలకి సాయంత్రానికే పులిసిన కంపు, పొద్దున్నకి చీమల బారు. పాలసీసాలు కడిగే బ్రష్ ఒకటి దీనికోసమే పెట్టుకున్నాను.

వేరేవీ ప్రయత్నించకపోలేదు. నూలు తాడు బొమ్మ పోగులు పోగులుగా ఊడి, ఆ పోగులు మర్నాడు పెంటలో కనిపించాయి. పేగుల్లో చుట్టుకుంటే ఆపరేషనే అని డాక్టరు చెప్పగానే పారేశాను. పచ్చితోలు ఎముక నానిపోయి పెద్ద ముక్క గొంతుకి అడ్డం పడింది, ఆ రెండు నిమిషాల టెన్షన్ పగవాడికి కూడా వద్దు. కుర్చీ కాళ్లకి కాకరకాయ రసం పూశాను. శుభ్రంగా నాకేశాడు.

తిట్టడం కూడా చేశాను. చెవులు వెనక్కి పెట్టి, తల దించి, తప్పు తెలిసినట్టే కూర్చునేవాడు. ఒకరోజు నాన్న చెప్పు వారు తెగి ఉంటే వీడి పనే అని గట్టిగా అరిచాను, అదే మొహం పెట్టాడు. తీరా చూస్తే బస్టాండులో తనే తెంపుకొచ్చానన్నాడు నాన్న. ఆ మొహం తప్పుకి కాదు, మన గొంతుకి. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో 14 కుక్కల మీద చేసిన పరిశోధన కూడా ఇదే చెప్పింది. చెప్పుల స్టాండుకి తలుపు పెట్టించాక అరవాల్సిన అవసరమే తగ్గింది.

అయితే ఈ బొమ్మ నడకకి బదులు కాదు. సాయంత్రం కాలవ గట్టున గంట తిరిగొచ్చిన రోజు కాంగ్ ఇస్తే సగంలోనే నిద్రపోతాడు. వాన పడి బయటికి వెళ్లని రోజు మొత్తం నాకేసి, ఖాళీ బొమ్మని నా కాళ్ల దగ్గర పడేసి, చూపు మాత్రం గుమ్మం ముందున్న కొబ్బరిపీచు పట్టా మీదే పెడతాడు. అది నాలుగోది.