ఎనిమిదొందలుతో పన్నెండేళ్ళు

ఆదివారాలు కార్లేసుకుని కలుసుకునే మా బృందంలో ఎవరినీ సొంత పేరుతో పిలవరు, బండి పేరే మనిషి పేరు. నల్ల కాంటెస్సా ఉన్నాయన కాంటెస్సా అన్న, పాత క్వాలిస్ నడిపే పిల్లల వైద్యుడు క్వాలిస్ డాక్టరుగారు, రెండేళ్ళ క్రితం విద్యుత్ కారు కొన్న కుర్రవాడు కరెంటు తమ్ముడు. నన్ను ఎనిమిదొందలు అంటారు. 1997 నాటి మారుతి 800ను 2013లో సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి దగ్గర 42,000 రూపాయలకు కొన్నప్పుడు మీటరు మీద 68,000 కిలోమీటర్లు ఉండేవి. ఆ తరువాత తిరిగిన కిలోమీటర్లలో సగానికి పైగా ఉద్యోగం కోసం తిరిగినవి, మిగిలినవాటిలో చాలా భాగం షామీర్‌పేట చెరువు గట్టు దాకా ప్రతి ఆదివారం వెళ్ళి వచ్చినవి.

బండి సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దీనిని ఎరగనివారు తక్కువ. 796 సీసీ సామర్థ్యం గల మూడు సిలిండర్ల ఇంజిన్, పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే కార్బురేటర్, నాలుగు గేర్లు, 12 అంగుళాల చక్రాలు. పవర్ స్టీరింగు, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు లేవు. 1983 డిసెంబరులో మొదలైన ఈ కారును, బీఎస్ 4 కాలుష్య నిబంధనల వల్ల 2010 ఏప్రిల్ నుంచి హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో అమ్మడం మానేశారు. 2014 జనవరిలో తయారీయే ఆగిపోయింది. అయినా క్లచ్ ప్లేటు, బ్రేక్ షూలు, డిస్ట్రిబ్యూటర్ క్యాపు వంటివి రాణిగంజ్ దుకాణాల్లో నేటికీ అడిగిన పూటే దొరుకుతాయి. దొరకనివల్లా అద్దాల చుట్టూ ఉండే రబ్బరు బీడింగులు, తలుపుల లోపలి ప్లాస్టిక్ ముక్కలు. వాటి కోసం ఒకసారి విజయవాడ ఆటోనగర్ దాకా వెళ్ళి, తెచ్చుకున్నది సరిపోక మళ్ళీ వెళ్ళవలసి వచ్చింది.

నా ఉద్యోగం మధ్యాహ్నం రెండున్నరకు మొదలై రాత్రి పదకొండున్నరకు ముగిసే షిఫ్టు. సైనిక్‌పురి నుంచి గచ్చిబౌలికి దాదాపు 30 కిలోమీటర్లు. రాత్రి తిరుగు ప్రయాణంలో ఈ కారును మించిన సుఖం లేదు. ఖాళీ రోడ్డు మీద 60, 65 వేగంలో ఇంజిన్ ఒక లయ పట్టుకుంటుంది, బరువు తక్కువ కాబట్టి మలుపుల దగ్గర స్టీరింగు చెప్పినట్టు వింటుంది. మధ్యాహ్నం వెళ్ళడం మాత్రం వేరే కథ. కొన్న మరుసటి ఏడాది మే నెలలో, సైబర్ టవర్స్ దగ్గర సిగ్నల్‌లో ఉండగా, రేడియేటర్ ఫ్యాను తిరగడం మానేసి ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత వైపు లేవడం మొదలుపెట్టింది. ఇంజిన్ వేడిని కొంతైనా బయటికి లాగాలంటే హీటర్ పెట్టాలని కాంటెస్సా అన్న ఎప్పుడో చెప్పిన మాట గుర్తుకొచ్చి, నడి ఎండలో హీటర్ పూర్తిగా తిప్పి, నాలుగు అద్దాలూ దించి, ఇస్త్రీ చొక్కా ఒంటికి అతుక్కుపోగా, సిగ్నల్ పడేదాకా అలాగే కూర్చున్నాను. ముల్లు దిగింది. ఆఫీసులో నన్ను చూసిన సహోద్యోగి వాన పడుతోందా అని అడిగాడు. ఫ్యాను స్విచ్చి మార్చడానికి అయిన ఖర్చు ఆ రోజు తాగిన కొబ్బరి బొండాలకంటే పెద్దగా ఎక్కువేమీ కాదు. అయితే నా కంటే ముందు ఎవరో మెకానిక్ ఇంజిన్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తీసి పారేసిన సంగతి కూడా అప్పుడే బయటపడింది.

శనివారం సెలవే అయినా, షిఫ్టుకు అలవాటైన కళ్ళు రాత్రి రెండింటికి ముందు మూతపడవు. అందువల్ల ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి లేవడం నాకూ బండికీ సమాన శిక్ష. చల్లటి ఇంజిన్‌కు పెట్రోలు పాలు పెంచే చోక్ మీటను పూర్తిగా లాగి, యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కి వదిలి, తాళం తిప్పితే మొదటిసారి దగ్గుతుంది, రెండోసారి అందుకుంటుంది. వెంటనే చోక్ సగానికి నెట్టకపోతే పెట్రోలు వాసన వరండా దాకా వచ్చి ఇంట్లోవాళ్ళు కిటికీ వేసేస్తారు. చలికాలంలో అయితే రెండు నిమిషాలు ఓపిక పట్టాలి. ఈ పద్ధతి నేర్చుకోవడానికి నాకు ఒక శీతాకాలం పట్టింది, మా అబ్బాయికి ఇప్పటికీ రాలేదు.

గట్టు దగ్గర కాంటెస్సా అన్న నన్ను పలకరించే తీరు పన్నెండేళ్ళుగా ఒక్కటే: “ఏం ఎనిమిదొందలూ, నడుపుకుంటూ వచ్చావా, నెట్టించుకుంటూ వచ్చావా?” నా జవాబు కూడా మారలేదు: “మీ కాంటెస్సా ఒక పూట తాగేదాంతో మా ఇంట్లో వారం గడుస్తుందన్నా.” ఆయనకు టెంట్ హౌస్ వ్యాపారం ఉంది కాబట్టి హాజరు పంచాంగాన్ని బట్టి ఉంటుంది. మాఘంలో, వైశాఖంలో మనిషి కనిపించడు, మూఢం వచ్చిందంటే వారం తప్పడు. డాక్టరుగారు రాత్రి డ్యూటీ దిగి నేరుగా వస్తారు, సైలెన్సర్ దగ్గర చెవి పెట్టి “కొంచెం కఫం ఉంది” అని తేల్చి, కార్బురేటర్ శుభ్రం చేయించమని చీటీ రాసినంత గంభీరంగా చెబుతారు. ఆ రోగ నిర్ణయం చాలాసార్లు నిజమైంది. కరెంటు తమ్ముడు ఒకసారి తన బండికి ఇంజిన్ ఆయిలే అక్కర లేదని గొప్పగా చెబితే, కాంటెస్సా అన్న గ్లాసు కింద పెట్టి, “మంచిదే తమ్మీ, మరి ఆదివారం ఇక్కడికొచ్చి ఏం మాట్లాడతావ్?” అన్నాడు. ఆ కుర్రవాడు ఇప్పుడు మా అందరికంటే ముందుగా వచ్చి, మా బానెట్లు ఎత్తి చూస్తుంటాడు.

ఈ కలయికల వల్ల బండికి జరిగిన మేలు ఎంతో 2020లో తెలిసింది. లాక్‌డౌన్‌లో రెండు నెలలకు పైగా కదలకుండా నిలబెడితే బ్యాటరీ చచ్చిపోయింది, వెనక బ్రేక్ షూలు డ్రమ్ములకు పట్టేశాయి, ఎలుకలు హెడ్‌లైటు తీగలు కొరికాయి. ఏడేళ్ళ రోజువారీ వాడకంలో పెట్టించని ఖర్చు ఆ విశ్రాంతి పెట్టించింది. కార్బురేటర్‌లో ఎండిపోయిన పెట్రోలు జెట్లకు, అంటే ఇంధనం వచ్చే సన్న రంధ్రాలకు, అడ్డుపడింది కూడా. ఆ తరువాత ఇంటి నుంచే పని అలవాటై ఆఫీసుకు వారంలో రెండు రోజులే వెళుతున్నాను, ఆదివారం మాత్రం మానలేదు.

పెద్ద ఇబ్బంది 2025లో వచ్చింది. షామీర్‌పేట నుంచి తిరిగి వస్తుండగా ఇంజిన్ తడబడి ఆగిపోయింది. వెనకే వస్తున్న డాక్టరుగారు ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి వాసన చూసి, నా ముక్కు దగ్గర పెట్టారు. ఆయిల్ పలుచబడి, పెట్రోలు కంపు కొడుతోంది. పెట్రోలు పంపులోని డయాఫ్రం అనే రబ్బరు పొర చిరిగి, ఇంధనం ఇంజిన్‌లోకి కారుతోందన్న మాట. అలాగే నడిపి ఉంటే బేరింగులు పోయేవి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు తట్టుకోదని మెకానిక్ అన్నాడు. అది కారణమే కావచ్చు గానీ, 28 ఏళ్ళ బండిలో ఏ రబ్బరైనా చిరగడానికి వేరే సాకు అక్కర లేదు. పంపుతో పాటు గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్పించాను. ఆ కాలపు కార్బురేటర్ బండి ఏది ఉన్నా ఇది ముందుగానే చేయించుకోవడం మేలు.

బండికి ఉన్న ఏపీ 10 నంబరు రాష్ట్ర విభజన తరువాత కూడా అలాగే చెల్లుతోంది. అయిదేళ్ళకొకసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ, హరిత పన్ను తప్పవు. 2017లో 600 రూపాయలు ఉన్న పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్‌లో 5,000 అయింది, నా వంతు సరిగ్గా ఆ జూన్‌లో వచ్చింది. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు దానిని 2025లో 10,000 చేశారు, కనుక 2027లో కొన్న ధరలో నాలుగో వంతుకు దగ్గరగా కట్టాలి.

నగరంలో లీటరుకు 16 నుంచి 18 కిలోమీటర్లు ఇస్తుంది. ఔటర్ రింగు రోడ్డు మీద ఎడమ వరుస దాటి వెళ్ళకూడదని నా నియమం, 80 దాటితే లోపల మాట వినిపించదు, పక్క నుంచి లారీ పోతే బండి ఊగుతుంది. చిన్న పిల్లలను రోజూ బడికి దింపడానికి దీనిని కొనమని ఎవరికీ చెప్పను. ప్రమాదం జరిగితే ఈ రేకు కాపాడుతుందన్న భ్రమ నాకు లేదు. ఇంటి దగ్గర నీడ, నమ్మకమైన మెకానిక్, వారంలో ఒకరోజైనా తిప్పే తీరిక, ఈ మూడూ ఉన్నవారు తుప్పు పట్టని బండి దొరికితే నిరభ్యంతరంగా తీసుకోవచ్చు, అయితే కొనే ముందు కాళ్ళ కింది మ్యాటు ఎత్తి చూడండి. నేను చూడలేదు. మొదటి వానాకాలంలో డ్రైవరు వైపు నేల మీద నీళ్ళు నిలిచాక గానీ చిల్లు కనబడలేదు, దానికి రేకు అతికించి వెల్డింగు చేయించిన చోట ఇప్పుడు మళ్ళీ తుప్పు మొదలైంది. వచ్చే మూఢంలో పని లేనప్పుడు వెల్డింగు మనిషిని తానే తీసుకొస్తానని కాంటెస్సా అన్న మాట ఇచ్చాడు.