తాబేటి చిప్ప కుళ్లుకు బెటాడిన్, క్లోర్‌హెక్సిడిన్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

చిప్ప కుళ్లు, అంటే తాబేటి చిప్పకు పట్టే ఇన్ఫెక్షన్, పైపైన ఉన్నంతవరకు పోవిడోన్ అయోడిన్, అంటే బెటాడిన్ లాంటి మందు, బాగా పని చేస్తుంది. కానీ మందు రాసి వెంటనే నీళ్లలో వదిలితే ఎంత రాసినా దండగే. జబ్బును తగ్గించేది మందు ఎంతో, ఆరబెట్టడం కూడా అంతే. మాది నల్గొండ. ఇంట్లో ఉన్నది చెవి దగ్గర ఎర్ర గీత ఉండే నీటి తాబేలు, రెడ్ ఇయర్డ్ స్లైడర్.

మా వైపు బోరు నీళ్లతో ఒక తిప్పలు ఉంది. ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే, దానికి తోడు ఇవి గట్టి నీళ్లు. ఆరగానే చిప్ప మీద తెల్లటి పొర కడుతుంది. చూసినవాళ్లు ఫంగస్ అనుకుని టెన్షన్ పడతారు. వేలితో తడిమితే తేడా తెలుస్తుంది. నీళ్ల పొర గరుకుగా, గట్టిగా ఉంటుంది, వాసన రాదు. కుళ్లు పట్టిన చోటు నొక్కితే మెత్తగా ఉంటుంది. మా దానికి కడుపు వైపు, వెనక కాలి పక్కన వచ్చింది. ఆవగింజంత గుంట, దాని మీద చిప్ప పైపొర పెచ్చు అంచు కాస్త లేచి ఉంది, కింద తెల్లటి మెత్తటి మడ్డి. ముక్కు దగ్గర పెడితే మామూలు నీచు కాదు, కుళ్లు కంపు. పెచ్చులు పలుచగా, కంపు లేకుండా వాటంతటవే ఊడుతుంటే మాత్రం అది ఎదుగుదలే, రోగం కాదు.

మెడికల్ షాపులో 5 శాతం, 10 శాతం ద్రావణాలు దొరుకుతాయి. 10 శాతం దానికి తొమ్మిది వంతుల నీళ్లు, 5 శాతం దానికి నాలుగు వంతులు కలుపుతాను. పాలు పోయని లేత చాయ్ రంగు వస్తుంది. చిక్కగా రాస్తే తొందరగా తగ్గుతుందనేది అపోహ. పలుచన చేసినప్పుడే అయోడిన్ బాగా విడుదలవుతుంది, చిక్కటిది పుండు మానే చోటును దెబ్బతీస్తుంది. స్క్రబ్ అని రాసి ఉన్న సీసా వద్దు, అందులో నురుగు వచ్చే సబ్బు మందు ఉంటుంది. రాసే ముందు మెత్తటి బ్రష్‌తో నాచు, జిడ్డు వదిలించాలి. మురికి మీద రాస్తే అయోడిన్ శక్తి ఆ మురికికే సరిపోతుంది. పది నిమిషాలు ఉంచి, కడిగి, నూలు గుడ్డతో తుడిచి పొడి టబ్బులో పెడతాను. రోజూ కాసేపు మాత్రం నీళ్లలోకి వదలాలి, ఎందుకంటే ఇది తిండి మింగేది నీళ్లలోనే. మా ఎండాకాలంలో ఆ టబ్బును డాబా మీద పెట్టొద్దు, ప్రాణం పోతుంది. నీడ, గాలి ఉన్న చోటే పెట్టాలి.

బెటాడిన్‌తో నాకు నచ్చనిది దాని మరక. గోధుమ రంగు అంటుకుంటే కింద ఎరుపు ఉందో లేదో కనబడదు. అందుకే రాసే ముందే ఫోన్‌లో ఫోటో తీసుకుంటాను.

క్రిములను చంపే ఇంకో మందు క్లోర్‌హెక్సిడిన్‌కు ఆ బాధ లేదు, పైగా దాని ప్రభావం ఎక్కువసేపు నిలుస్తుంది. 2 శాతం మందు 1 మిల్లీలీటరుకు 40 మిల్లీలీటర్ల నీళ్లు. కానీ బోరు నీళ్లు, సబ్బు తగిలితే దీని బలం తగ్గుతుంది. డిస్టిల్డ్ వాటర్ వాడాల్సిందే. కళ్లకు చాలా ప్రమాదం, తల దగ్గరికి పోనివ్వొద్దు, తాబేలును అందులో నానబెట్టొద్దు. డెట్టాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి అసలు ముట్టుకోవద్దు.

గుంట లోతుగా ఉండి ఎముక కనబడినా, రక్తం, చీము వచ్చినా, కడుపు వైపు ఎర్రబడినా, తిండి మానేసినా ఈ సీసాలతో కాలయాపన చేయకండి. అప్పుడు యాంటీబయాటిక్ ఇంజక్షన్లు కావాలి. మా దగ్గర పశువుల డాక్టర్లకు వచ్చేవి ఎక్కువగా బర్రెలు, మేకలు. తాబేళ్లను చూసేవారి కోసం దాదాపు వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ పోవాల్సి వస్తుంది, ముందే ఫోన్ చేసి అడగడం మేలు. పట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోండి, తాబేళ్ల మీద మనుషులకు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉంటుంది. బ్రష్, టబ్బు వంటింట్లోకి రానివ్వొద్దు.

తగ్గిన తర్వాత కూడా గుంట వెంటనే పూడదు, నెలల తరబడి మచ్చలా ఉంటుంది. దాన్ని చూసి మందు రాస్తూనే ఉండేవాళ్లున్నారు, అది అనవసరం. అడుగు గట్టిపడి, పొడిగా, వాసన లేకుండా ఉంటే నేను మందు ఆపేస్తాను. ఆ తర్వాత ఫిల్టర్ శుభ్రంగా ఉంచుతూ, తాబేలు ఎక్కి పూర్తిగా ఆరే మెట్టు, దాని పైన ఎండలోని లాంటి కిరణాలిచ్చే యూవీబీ లైటు ఉండేలా చూసుకుంటాను.