ఆపరేషన్ థియేటర్‌కి కాక్‌పిట్ పాఠాలు: హైదరాబాద్‌లో రెండు రోజుల టీమ్ ట్రైనింగ్‌పై రివ్యూ

నగరంలోని ఒక శిక్షణ బృందం ఆసుపత్రికే వచ్చి ఇచ్చే ట్రైనింగ్ ఇది. విమానయానం, కార్ రేసింగ్, ఫ్యాక్టరీల్లో పుట్టిన టీమ్ పద్ధతులను థియేటర్, ఐసీయూ సిబ్బందికి నేర్పుతారు. పేషెంట్‌ను ఐసీయూకి అప్పగించే భాగం ఒక్కటి చాలు, డబ్బులు గిట్టినట్టే. సీనియర్ డాక్టర్ల విషయంలో మాత్రం పెద్ద లోటుంది.

లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి ఫెరారీ ఫార్ములా వన్ పిట్ సిబ్బంది (రేసు మధ్యలో కారు ఆగితే క్షణాల్లో టైర్లు మార్చేవాళ్లు) పనితీరు చూసి, గుండె ఆపరేషన్ తర్వాతి హ్యాండోవర్‌ను, అంటే పేషెంట్‌ను ఐసీయూకి అప్పగించే తీరును మార్చుకుంది. 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఒక్కో హ్యాండోవర్‌లో సాంకేతిక పొరపాట్లు సగటున 5.42 నుంచి 3.15కి తగ్గాయి. ఇక్కడ ఆ క్రమాన్ని నిజమైన బెడ్, వెంటిలేటర్, సిరంజి పంపులతోనే చేయిస్తారు. పేషెంట్ థియేటర్ దాటకముందే వెంటిలేటర్ సెట్టింగులు, నడుస్తున్న మందుల మోతాదులు ఐసీయూకి చేరాలి. వచ్చాక ముందు వెంటిలేటర్, తర్వాత మానిటర్, ఆపైన పంపులు, డ్రెయిన్లు (ఆపరేషన్ చేసిన చోటి నుంచి ద్రవాలు బయటికి తీసే గొట్టాలు). అన్నీ తగిలించేదాకా కేసు గురించి ఎవరూ నోరు విప్పకూడదు. అప్పుడు మొదట అనెస్థటిస్ట్ (మత్తు డాక్టర్), తర్వాత సర్జన్ చెబుతారు. చివర్లో ఐసీయూ డాక్టర్ రాబోయే గంటల ప్లాన్‌ను పైకి చెప్పి ఖాయం చేసుకోవాలి. మామూలు రోజుల్లో సిస్టర్ ఈసీజీ లీడ్లు అంటిస్తూనే ఎంత రక్తం పోయిందో వినాల్సి వస్తుంది, రెండూ సగం సగమే అవుతాయి. ట్రైనర్లు కావాలనే దాదాపు ఖాళీ అయిన ఆక్సిజన్ సిలిండర్ పెడతారు, ఛార్జింగ్ లేని పంపు ఇస్తారు. గేజ్ చూడకుండా బెడ్ కదిపిన టీమ్ లిఫ్ట్ దగ్గరే ఆగిపోతుంది. ఎన్ని స్లైడ్లు చూపించినా ఇంతలా గుర్తుండదు.

చెక్‌లిస్ట్ భాగం నిజాయితీగా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జికల్ చెక్‌లిస్ట్‌లో 19 అంశాలున్నాయి. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో మరణాలు 1.5 నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో తేలింది. కెనడాలోని ఒంటారియోలో దాన్ని తప్పనిసరి చేశాక చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2014లో వచ్చిన అధ్యయనాన్నీ ట్రైనర్లు దాచలేదు. సర్జన్ ఇంకా చేతులు కడుక్కుంటుండగానే టిక్కులన్నీ పడిపోతే ఆ కాగితం ఎవరినీ కాపాడదు. యాంటీబయాటిక్ సంగతే తీసుకోండి. కోతకు ముందు 60 నిమిషాల్లోపు పడాలి. వార్డులో ఉదయం ఏడింటికి ఇచ్చేస్తారు, కేసు తొమ్మిదిన్నరకు జరుగుతుంది, షీట్ మీద మాత్రం 'ఇచ్చాం' అనే ఉంటుంది. అందుకే ఇక్కడ టైమ్ అవుట్‌లో, అంటే కోతకు ముందు అందరూ ఆగి సరిచూసుకునేటప్పుడు, ఇచ్చారా అని కాదు, ఎన్నింటికి ఇచ్చారని అడిగిస్తారు. చిన్న మార్పే, కానీ వెంటనే పనికొస్తుంది.

అసలు చిక్కు మాట్లాడటం దగ్గరుంది. 1977లో స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే దీవిలో రన్‌వే మీద రెండు విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని ఫ్లైట్ ఇంజినీర్ అడిగినా కెప్టెన్ కొట్టిపారేశాడు. ఇలాంటి చోట గొంతు పెంచకుండా, వెనక్కి తగ్గకుండా చెప్పడాన్ని మూడు మెట్లుగా నేర్పుతారు: 'సార్, నాకొక అనుమానం ఉంది', 'సార్, ఇలా ముందుకెళ్లడం నాకు సరిగ్గా అనిపించట్లేదు', 'సార్, పేషెంట్‌కి ప్రమాదం, ఒక్క నిమిషం ఆపండి'. తెలుగు, హిందీ రెండింటిలోనూ సాధన చేయించడం బాగుంది.

కానీ ఆ 'సార్' గదిలో ఉండరు. ఉదయం బంజారాహిల్స్‌లో, సాయంత్రం గచ్చిబౌలిలో కేసులు చేసే విజిటింగ్ కన్సల్టెంట్లకు ఈ ట్రైనింగ్‌లో గంటసేపు ప్రసంగమే ఉంది, అదీ ఇష్టముంటేనే. సర్జన్ వేషం వేసిన ట్రైనర్‌కి ఎదురు చెప్పడం వేరు, సోమవారం అసలు సర్జన్‌కి చెప్పడం వేరు. ఆపమన్న సిస్టర్‌ని మర్నాడు ఆయన ఆపరేషన్ల లిస్టు నుంచి తప్పిస్తే మిగతావాళ్లంతా ఆ పాఠమే నేర్చుకుంటారు. టొయోటా ఫ్యాక్టరీలో తేడా కనిపిస్తే పని ఆపడానికి ఏ కార్మికుడైనా తాడు లాగొచ్చని చెబుతారు సరే, లాగగానే టీమ్ లీడర్ పరుగున రావడం ఆ పద్ధతిలో సగం. అమెరికాలో సియాటిల్‌లోని వర్జీనియా మేసన్ ఆసుపత్రి 2002లో ఆ పద్ధతిని తెచ్చుకున్నప్పుడు, ఎవరు హెచ్చరించినా పెద్దలు స్పందించే ఏర్పాటు కూడా చేసుకుంది. మన ట్రైనింగ్‌లో తాడు ఉంది, వచ్చే మనిషి లేడు.

ఈ ట్రైనింగ్ పెట్టించుకునేవాళ్లు సంతకానికి ముందే మూడు విషయాలు రాతలో అడగండి: థియేటర్ వాడే ప్రతి సర్జన్ కనీసం ఒక సిమ్యులేషన్‌లో (నిజం కేసులా చేయించే సాధనలో) ఉండాలి, రాత్రి రెండింటికి కేసు ఆపితే ఎవరికి ఫోన్ చేయాలో పేరు, నంబరు గోడ మీద ఉండాలి, మూడు నెలల తర్వాత ట్రైనర్లు చెప్పకుండా వచ్చి నైట్ షిఫ్ట్ హ్యాండోవర్లు చూసి వెళ్లాలి. ఈ మూడోది ప్యాకేజీలో లేదు, అడిగితే విడిగా ధర చెబుతారు.